ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు?

న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ తొమ్మిదో అవెన్యూ 28వ వీధిని కలిసే మూల మీద ఒక పాత ఇటుకల చర్చి ఉంది. పేరు చర్చ్ ఆఫ్ ది హోలీ అపోసల్స్. 1840ల్లో మినార్డ్ లఫీవర్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనా ప్రకారం కట్టారు. రంగుటద్దాల కిటికీలు, పైన సన్నటి శిఖరం. ఆదివారం పొద్దున అక్కడ ప్రభు భోజన ఆరాధన జరుగుతుంది. వారం మొదలయ్యాక అదే హాల్లో, అదే నేల మీద భోజనం బల్లలు పడతాయి. వీధుల్లో పడుకునేవాళ్లు, ఇంటద్దె కట్టేసరికి పింఛను అయిపోయే ముసలివాళ్లు, ఉద్యోగం ఊడినవాళ్లు వరసగా వచ్చి కూర్చుని, కడుపునిండా తిని వెళ్తారు. ఏ మతమని అడగరు, ఎందుకొచ్చావని అడగరు, కాగితాలు చూపమనరు. వచ్చినవాళ్లను అక్కడ అతిథులనే అంటారు.

ఈ పని 1982 అక్టోబరులో మొదలైంది. అప్పటికి ఆ పారిష్, అంటే ఆ చర్చి సంఘం, పరిస్థితి ఏమీ బాగాలేదు. ఆదివారాలు వచ్చేవాళ్లు తగ్గిపోయారు, డబ్బు అడుగంటింది, తలుపులకు తాళం పడుతుందేమోనన్న భయం పట్టుకుంది. అలాంటి రోజుల్లో పారిష్ గురువు, అంటే రెక్టర్, రాండ్ ఫ్రూ, మిగిలిన కొద్దిమందీ కలిసి ఆకలిగొన్నవాళ్లకు ఒక పూట భోజనం పెట్టడానికి పూనుకున్నారు. మొదటి రోజు సుమారు 35 మందికి వడ్డించారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంఖ్య రోజుకు వెయ్యి దాటింది. 1990 ఏప్రిల్‌లో పైకప్పు మరమ్మతులు జరుగుతుండగా నిప్పంటుకుని చర్చి తీవ్రంగా దెబ్బతింది. అయినా మర్నాడు వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపలేదు. 1994లో చర్చి మళ్లీ తెరుచుకున్నప్పుడు పారిష్ ఒక నిర్ణయం తీసుకుంది. పాత బెంచీలను తిరిగి బిగించలేదు. ఆరాధన వేళకు కుర్చీలు వేసుకోవచ్చు, భోజనాల వేళకు బల్లలు వేసుకోవచ్చు. అలా వడ్డన చర్చి నడిమధ్యకు వచ్చింది.

దేవుడి ఎదుట ఒక్కటిగా నిలబడ్డ మనుషులు, ఆరాధన ముగిశాక ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు? ఏ సంఘానికైనా అసలు పరీక్ష ఇదే. పాటలు ఎంత శ్రావ్యంగా సాగాయి, ప్రసంగం ఎంత గట్టిగా పలికింది, క్రిస్మస్‌కు ఎన్ని దీపాలు వెలిగాయి అన్నవన్నీ దాని తర్వాతి మాటలు. హోలీ అపోసల్స్ ఏ సంఘానికి చెందిందో ఆ అమెరికా ఎపిస్కోపల్ చర్చి రెండు శతాబ్దాలకు పైబడిన తన చరిత్రలో ఈ పరీక్షలో చాలాసార్లు ఓడింది, కొన్నిసార్లు గొప్పగా నెగ్గింది. తెలుగు నేల మీది సంఘాలు ఆ ఓటమినీ ఆ గెలుపునూ శ్రద్ధగా చూడాలి. ఎందుకంటే ఆ గెలుపులో దక్షిణ భారతానికి కూడా వాటా ఉంది.

ఎపిస్కోపల్ చర్చి ఇంగ్లండ్ ఆంగ్లికన్ సంఘం నుంచి పుట్టింది. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక అమెరికా విశ్వాసులకు సొంత బిషప్ కావలసి వచ్చాడు. ఇంగ్లండ్‌లో అభిషేకం పొందాలంటే ఇంగ్లండ్ రాజుకు విధేయతా ప్రమాణం చేయాలి. కనెక్టికట్ గురువులు ఎంచుకున్న శామ్యూల్ సీబరీ ఆ చిక్కు దాటడానికి స్కాట్లండ్ వెళ్లాడు. 1784 నవంబరులో అబర్డీన్‌లో అక్కడి బిషప్పుల చేతుల మీదుగా అభిషేకం పొందాడు. రాజుతో బంధం తెగింది, ప్రార్థన పుస్తకంతో బంధం నిలిచింది. 1789లో ఆ పుస్తకాన్ని కొత్త దేశానికి తగినట్టు సవరించుకుని, సంఘానికి రాజ్యాంగం కూడా రాసుకున్నారు. ఆ ఏర్పాటులో సామాన్య విశ్వాసికీ చోటుంది. ఇవాళ్టికీ పారిష్ సభ్యులు ఏటా సమావేశమై వెస్ట్రీ అనే కమిటీని ఎన్నుకుంటారు. జమాఖర్చులు, భవనం బాగోగులు ఆ కమిటీవే. రెక్టర్ పదవి ఖాళీ అయితే తగిన వ్యక్తిని వెతికి పిలిచేదీ ఆ కమిటీయే. బిషప్పును కూడా ఆయన పరిధి అయిన డయోసిస్‌లోని గురువులూ సామాన్య ప్రతినిధులూ ఓటు వేసి ఎన్నుకుంటారు.

కాగితం మీద ఇంత ప్రజాస్వామ్యం ఉన్న సంఘంలో ఆదివారం ఉదయం మాత్రం డబ్బు మాట చెల్లేది.

19వ శతాబ్దంలో చాలా ఎపిస్కోపల్ చర్చిల్లో బెంచీలను కుటుంబాలకు అద్దెకిచ్చేవాళ్లు, కొన్నిచోట్ల అమ్మేవాళ్లు. మంచి చోటుకు ఎక్కువ ధర, మూలకు తక్కువ. అద్దె కట్టలేనివాళ్లకు వెనక వరసలో, పై గ్యాలరీలో మిగిలినంత చోటు. ఈ పద్ధతిని ఎదిరించినవాళ్లలో విలియం ఆగస్టస్ మ్యూలెన్‌బర్గ్ ముందువరసలో ఉంటాడు. 1846లో న్యూయార్క్ ఆరో అవెన్యూ మీద తెరుచుకున్న ఆయన చర్చి, హోలీ కమ్యూనియన్, ఏ బెంచీకీ అద్దె తీసుకోలేదు. నగరంలోని రోగుల కోసం ఆయన పూనికతోనే సెయింట్ లూక్స్ ఆస్పత్రి వెలిసింది. అదే నగరంలో సెయింట్ జార్జెస్ పారిష్‌కు 1883లో రెక్టర్‌గా వచ్చిన విలియం రెయిన్స్‌ఫర్డ్ బెంచీల అద్దె ఎత్తేస్తేనే పదవి ఒప్పుకుంటానన్నాడు. ఆ పారిష్ పెద్దల్లో ఒకరైన బ్యాంకరు జె.పి. మోర్గన్ అందుకు వెన్నుదన్నుగా నిలిచాడు. 1894లో అదే చర్చి హ్యారీ బర్లీ అనే నల్లజాతి గాయకుణ్ణి తన గాయక బృందంలో ఒంటరి గళం కోసం తీసుకుంది. పారిష్‌లో కొందరు ససేమిరా అన్నారు. బర్లీ అక్కడ యాభై ఏళ్లకు పైగా పాడాడు. బానిసత్వంలో మగ్గిన తన తాత నోట విన్న భక్తిగీతాలను కచేరీ వేదిక మీదికి తెచ్చినవాళ్లలో కూడా ఆయన ఒకడు.

బర్లీకి వందేళ్ల ముందు ఫిలడెల్ఫియాలో జరిగింది ఇంకా చేదుగా ఉంటుంది. సెయింట్ జార్జెస్ అనే మెథడిస్టు చర్చిలో నల్లజాతి విశ్వాసులు ప్రార్థనకు మోకరిల్లి ఉండగానే, అది మీ చోటు కాదంటూ లాగి లేపారు. ప్రార్థన ముగిసేదాకా ఆగమన్నా వినలేదు. అలా లేపబడినవాళ్లలో అబ్సలొమ్ జోన్స్ ఉన్నాడు. బానిసగా పుట్టి, కష్టపడి సంపాదించి ముందు భార్యకు స్వేచ్ఛ కొని, తర్వాత తానూ స్వేచ్ఛ పొందిన మనిషి ఆయన. నల్లవాళ్లంతా కట్టగట్టుకుని ఆ చర్చిలోంచి నడిచి బయటికొచ్చారు. 1793లో ఫిలడెల్ఫియాను పచ్చజ్వరం కమ్ముకున్నప్పుడు, స్తోమత ఉన్నవాళ్లు ఊరొదిలి పారిపోతుంటే, జోన్స్ బృందం ఊళ్లోనే ఉండి రోగులకు సేవ చేసింది, శవాలను మోసింది. 1794లో వాళ్లు కట్టుకున్న సెయింట్ థామస్ చర్చి ఎపిస్కోపల్ సంఘంలో చేరింది. జోన్స్ ఆ సంఘంలో తొలి నల్లజాతి గురువయ్యాడు. అయినా డయోసిస్ మహాసభలో ఆ పారిష్‌కు దశాబ్దాల పాటు ఓటు ఇవ్వలేదు. ఎపిస్కోపల్ చర్చి బానిసత్వంలో తన పాత్రకు బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటిస్తూ 2008లో ప్రత్యేక ఆరాధన జరిపింది. అందుకు ఎంచుకున్న చోటు అదే సెయింట్ థామస్ పారిష్. రెండు శతాబ్దాలు ఆలస్యమైంది. అయినా ఎవరి ఎదుట తల వంచాలో సరిగ్గా తెలుసుకుని అక్కడికే వెళ్లారు.

ఇవాళ అమెరికాలో ఏ ఎపిస్కోపల్ చర్చికి వెళ్లినా ఆదివారం ఆరాధన నడిమధ్య ఒక ఘట్టం కనిపిస్తుంది. వాక్యపఠనాలు, ప్రసంగం, విజ్ఞాపనలు, పాపపు ఒప్పుకోలు అయ్యాయి. రొట్టె, ద్రాక్షారసం ఇంకా బల్ల మీదికి రాలేదు. గురువు ప్రభువు సమాధానాన్ని పలుకుతారు. అంతవరకూ ముందుకు చూస్తున్నవాళ్లంతా పక్కకూ వెనక్కూ తిరిగి ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. తెలిసినవాళ్లు కౌగిలించుకుంటారు. తెలియనివాళ్లు పేరు అడుగుతారు. ఆ ఉదయమే మొదటిసారి లోపలికి అడుగుపెట్టిన మనిషికి కూడా నాలుగైదు చేతులు అందుతాయి. 1979 ప్రార్థన పుస్తకంతో ఇది దేశమంతటా స్థిరపడింది. మొదట్లో చాలామంది పెద్దవాళ్లకు నచ్చలేదు. ప్రార్థనలో ఏకాగ్రత చెదిరిపోతోందని, గుళ్లో ఈ పలకరింపులేమిటని గొణిగారు. ఇప్పుడు అది తీసేస్తామంటే వాళ్ల పిల్లలు ఊరుకోరు.

ఈ ఆచారం తొలి శతాబ్దాల క్రైస్తవులదే. కాలక్రమేణా పాశ్చాత్య సంఘాల్లో అది సన్నగిల్లి, ఇంగ్లండ్ ప్రార్థన పుస్తకంలోంచి జారిపోయింది. అయితే కేరళ సిరియన్ క్రైస్తవుల్లో అది చెక్కుచెదరకుండా నిలిచింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే మన సీఎస్ఐగా ఏర్పడినప్పుడు అందరూ కలిసి చేసుకోదగ్గ ప్రభు భోజన క్రమం అవసరమైంది. లెస్లీ బ్రౌన్ సారథ్యంలోని కమిటీ 1950లో దాన్ని సిద్ధం చేసింది. కేరళ పొరుగువాళ్ల దగ్గర నుంచి ఈ సమాధానపు ఆచారాన్ని అందులోకి తీసుకుంది. బల్ల దగ్గర మొదలై, ఒకరి అరచేతుల మధ్య మరొకరి చేతులుగా, వరస వెంట వరస గుడి చివరి దాకా అది సాగుతుంది. గురువు జనానికి వీపు పెట్టకుండా బల్ల వెనక నిలబడి వాళ్లకు ఎదురుగా ఆరాధన జరపడాన్నీ ఆ క్రమం ముందుకు తెచ్చింది.

సీఎస్ఐ పుట్టినప్పుడు ఆంగ్లికన్ ప్రపంచం దాన్ని అనుమానంగా చూసింది. 1948లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సమావేశం పూర్తి సహవాసం ఇవ్వడానికి సిద్ధపడలేదు. కొన్నేళ్లకు ఆంగ్లికన్ సంఘాలున్న పడమటి దేశాల్లోనే ప్రార్థన పుస్తకాలను సవరించడానికి కూర్చున్న పండితులు సీఎస్ఐ క్రమాన్ని ముందు పెట్టుకుని చదివారు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో కొత్త పుస్తకాల మీద దాని ముద్ర పడింది. మిషనరీలు పడమటి నుంచి తూర్పుకు తెచ్చినవి ఎన్నో చెప్పుకుంటాం. తూర్పు నుంచి పడమటికి వెళ్లిన ఈ చేతుల కలయికను మాత్రం మన సంఘాల్లోనే చాలామంది ఎరగరు. సీఎస్ఐ ఇప్పుడు ఆంగ్లికన్ కుటుంబంలో పూర్తి సభ్యురాలు. ఎపిస్కోపల్ చర్చితో దానికి ఒకే బల్ల దగ్గర కూర్చునే బంధం ఉంది.

తాకడమే తప్పుగా శతాబ్దాలు గడిపిన దేశంలో, అరచేతిలో అరచెయ్యి పెట్టడాన్ని ఆరాధనలో భాగం చేయడం చిన్న విషయం కాదు. అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షారసం పుచ్చుకోవడం అంతకంటే పెద్ద విషయం. కులం గల దేశంలో ఆ గిన్నె ఎంత బరువో చరిత్రే చెబుతుంది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాల్లో కులభేదాలు వెంటనే మానాలని, ప్రభు భోజనానికి వేర్వేరుగా రావడం చెల్లదని ఆదేశించినప్పుడు తంజావూరు ప్రాంతంలో ఎంతోమంది సంఘమే వదిలి వెళ్లిపోయారు. సంఘాన్ని వదులుకోగలిగారు గానీ కులాన్ని వదులుకోలేకపోయారు.

తెలుగునాట ఈ పోరాటం దోర్నకల్‌లో జరిగింది. తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, మాకు స్నేహితులు కూడా కావాలి అని. దానం చేసే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉన్నంతకాలం సహవాసం కుదరదని ఆ సభలో అంత నిక్కచ్చిగా చెప్పినవాళ్లు అరుదు. దోర్నకల్ డయోసిస్‌లో చేరిన జనంలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. వాళ్లలోంచే ఉపదేశకులనూ గురువులనూ తయారుచేశారు. కూలి చేసుకుని బతికే స్త్రీలు పూటపూటకూ పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం సంఘం కోసం తీసి పక్కన పెట్టేవాళ్లు. విదేశీ డబ్బు కోసం చూడకుండా తమ సంఘాన్ని తామే మోసుకోవాలన్న పట్టుదల అందులో ఉంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కతీడ్రల్‌లో గుడి మండపాల పోలికా ఉంది, మసీదు గుమ్మటాల పోలికా ఉంది. ఇంగ్లండ్ ఊరి చర్చిని తెచ్చి తెలంగాణ మట్టిలో నాటాలని అజరయ్య అనుకోలేదు.

ఒకే బల్ల దగ్గర కూర్చోవడమంటే ఏమిటో తెలుగువాళ్లకు అర్థం కావడానికి దూరం పోనక్కర్లేదు. పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు కథ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం తినిపించాడని, మాలవాడైన కన్నమదాసును కొడుకులా చూసి సైన్యానికి పెద్దను చేశాడని. ప్రభు భోజనపు బల్ల చెప్పదలుచుకున్నది కూడా అలాంటిదే.

మళ్లీ అమెరికాకు వస్తే, ఆరాధన ముగిశాక ఎపిస్కోపల్ పారిష్‌లో కాఫీ వేళ ఉంటుంది. పక్క హాల్లోనో, నేలమాళిగలోనో కాఫీ, టీ, ఇంట్లో చేసి తెచ్చిన కేకులు. చూడ్డానికి సామాన్యంగా ఉంటుంది గానీ పారిష్ అసలు జీవితం అక్కడే నడుస్తుంది. ఎవరింట్లో ఎవరు ఆస్పత్రిలో ఉన్నారో, ఎవరికి ఉద్యోగం పోయిందో, ఏ ముసలామెను ఆదివారం కారులో తీసుకురావాలో అక్కడ తేలుతుంది. శనివారం వచ్చి బల్ల గుడ్డలు ఇస్త్రీ చేసి, వెండి పాత్రలు తోమి, పూలు సర్దిపెట్టే బృందం ఒకటి ఉంటుంది. వాళ్ల పేర్లు ఎక్కడా వినిపించవు. వాళ్లు రాకపోతే ఆదివారం లేదు. మన సంఘాల్లో స్త్రీల మైత్రి అనే బృందం చేసే పని చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది.

ఆ నేలమాళిగలకు ఇంకో చరిత్ర కూడా ఉంది. న్యూయార్క్ కాల్వరీ పారిష్ రెక్టర్ శామ్ షూమేకర్ 1930ల్లో తాగుడుకు బానిసలైనవాళ్ల మధ్య పనిచేశాడు. ఆ పారిష్ నడిపిన ఆశ్రయానికి 1934లో వచ్చినవాళ్లలో బిల్ విల్సన్ ఒకడు. మరుసటి ఏడాది ఆయన మరొకరితో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు పునాది వేశాడు. తప్పు ఒప్పుకోవడం, నష్టపోయినవాళ్లకు సరిదిద్దడం, తనలాంటి మరొకరికి చెయ్యి అందించడం అనే మెట్లకు షూమేకర్ దగ్గర నేర్చుకున్నదే మూలమని విల్సన్ తర్వాత చెప్పుకున్నాడు. ఇవాళ్టికీ ఆ దేశంలో వేలాది చర్చి హాళ్లలో సాయంత్రం వేళ ఆ సమావేశాలు జరుగుతాయి. అక్కడ కూర్చున్నవాళ్లలో ఆదివారం పైకి ఎక్కి వచ్చేవాళ్లు కొద్దిమందే. పారిష్‌లు ఆ లెక్క అడగవు.

2001 సెప్టెంబరు 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం కూలినప్పుడు ఎదురుగానే ఉన్న సెయింట్ పాల్స్ చాపెల్ చెక్కుచెదరలేదు. 1766 నాటి కట్టడం అది. అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు జార్జ్ వాషింగ్టన్ ప్రార్థన చేసుకున్న చోటు. ఆ దుర్ఘటన తర్వాత నెలల తరబడి ఆ చాపెల్ శిథిలాలు తవ్వుతున్న అగ్నిమాపక సిబ్బందికి, కూలీలకు, పోలీసులకు ఇల్లయింది. భోజనాలు, మంచాలు, వైద్యం, ఏడవడానికి ఒక మూల. వాషింగ్టన్ కూర్చున్న బెంచీ దగ్గరే ఆ పనివాళ్ల పుండ్లు పడ్డ పాదాలకు చికిత్స చేశారు. దేశ చరిత్రలో అంతకంటే ఘనమైన ఆసనం లేదనుకునేవాళ్లు కూడా దాన్ని అపచారమనలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సెయింట్ గ్రెగరీ ఆఫ్ నిస్సా పారిష్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దేవుడంటే నమ్మకం లేకుండా పెరిగిన సారా మైల్స్ అనే పాత్రికేయురాలు ఒక ఉదయం ఊరికే లోపలికి వెళ్లి, అందరితో పాటు రొట్టె పుచ్చుకుంది. ఆ రొట్టె ఆమెను వదల్లేదు. 2000లో ఆమె పూనికతో ఆ చర్చిలో ఉచిత సరుకుల పంపిణీ మొదలైంది. కూరగాయలు, బియ్యం, రొట్టెలు ప్రభు భోజనపు బల్ల చుట్టూనే పేర్చి పంచారు.

ఇంత చేసినా ఎపిస్కోపల్ చర్చి జనం తగ్గుతూనే ఉన్నారు గదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. 1960ల మధ్యలో 34 లక్షలు దాటిన సభ్యుల సంఖ్య ఇప్పుడు 15 లక్షల దరిదాపుల్లో ఉంది. చాలా పారిష్‌లలో ఆదివారం ఆరాధనకు పట్టుమని యాభై మంది రారు. అద్దె బెంచీలు ఎత్తేసిన మ్యూలెన్‌బర్గ్ చర్చికే ఏం జరిగిందో చూడండి. 1970ల్లో ఆ పారిష్ పొరుగు పారిష్‌లతో కలిసిపోయింది, భవనం చేతులు మారింది, 1983లో అందులో లైమ్‌లైట్ అనే నైట్‌క్లబ్ తెరిచారు. విశ్వాసికి ఇది గుండె కోతే. అన్నం పెట్టడం చర్చి పని కాదని, ఆ శ్రద్ధ సువార్త మీద పెడితే జనం నిండేవారని వాదించేవాళ్లకు ఇలాంటివి ఆధారాలుగా దొరుకుతాయి.

ఆ వాదన నిలవదు. హోలీ అపోసల్స్‌లో భోజనానికి కూర్చున్న వెయ్యి మంది ఆదివారం సభ్యులు కాలేదు, నిజమే. కానీ మూతపడబోయిన పారిష్ నలభై ఏళ్లు దాటినా నిలబడే ఉంది. ఆదివారం అక్కడ మోకరిల్లేవాళ్లు, సోమవారం నుంచి ఆ నేల మీద ఎవరు కూర్చుంటారో తెలిసి మోకరిల్లుతారు. ఆ ఎరుక ప్రార్థనను మారుస్తుంది. వాడల్లో ఆకలిని పట్టించుకోకుండా సభ్యత్వాలు లెక్కపెట్టుకున్న సంఘాలు కూడా అమెరికాలో చిక్కిపోతూనే ఉన్నాయి. తలల లెక్క ఏ వైపూ సాక్ష్యం చెప్పదు.

మన దగ్గర సమస్య వేరు. దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, కరీంనగర్, రాయలసీమ, నంద్యాల డయోసిస్‌ల గుళ్లకు జనం కొదవ లేదు. క్రిస్మస్ నాడు మెదక్ కతీడ్రల్‌లో కాలు పెట్టే సందు దొరకదు. కరువు రోజుల్లో జనానికి పని, అన్నం ఇచ్చేందుకు చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన ఆ గుడి, ఆకలి తీర్చడంలోంచే ఆరాధన లేచి నిలబడగలదని చెప్పే సాక్ష్యం. మన కొరత ఇంకోచోట ఉంది. ఎన్నో పల్లెల్లో ఇప్పటికీ మాలలకో గుడి, మాదిగలకో గుడి. ఒకే బాప్తిస్మం, రెండు సమాధుల తోటలు. పెళ్లి సంబంధాల మాటొస్తే బైబిల్ పక్కకు పోయి ఉపకులం బల్ల మీదికి వస్తుంది. పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో వర్గాలు, ఆస్తుల తగాదాలు, కోర్టు వ్యాజ్యాలు. దోర్నకల్ స్త్రీల పిడికెడు బియ్యంతో నిలబడ్డ సంఘం ఇలా మిగలడం బాధాకరం. బెంచీలను అద్దెకిచ్చిన అమెరికా పారిష్ పెద్దలకూ, సమాధుల తోట మధ్య గోడ కట్టిన మన పెద్దలకూ తేడా ఏమీ లేదు.

మార్పు అసాధ్యమని ఎవరూ అనలేరు. 1974 జూలై 29న ఫిలడెల్ఫియాలోని చర్చ్ ఆఫ్ ది అడ్వొకేట్‌లో 11 మంది స్త్రీలు సంఘం అనుమతి లేకుండానే గురువులుగా అభిషేకం పొందినప్పుడు పెద్ద దుమారం లేచింది. రెండేళ్లకే, 1976లో, ఎపిస్కోపల్ మహాసభ స్త్రీల గురుత్వాన్ని ఆమోదించింది. ఆ రోజు ఊరేగింపు ముందు సిలువ పట్టుకుని నడిచిన అదే పారిష్ సభ్యురాలు, నల్లజాతి స్త్రీ బార్బరా హారిస్, 1989లో ఆంగ్లికన్ లోకంలోనే తొలి మహిళా బిషప్ అయింది. 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత బిషప్ అయినప్పుడు సీఎస్ఐ చరిత్రలో ఆ పీఠం ఎక్కిన మొదటి స్త్రీ తెలుగు నేల మీది ఆమె. కుదరదన్నవి రెండుచోట్లా కుదిరాయి. పట్టుబట్టినవాళ్లు పారిష్‌లలో ఉన్నారు కాబట్టే కుదిరాయి.

కాబట్టి మన పాస్టరేట్ కమిటీల ముందు మూడు పనులు పెట్టాలి. మొదటిది, ఉపకులాల వారీ సమాధుల తోటలను ఒకటి చేస్తూ తీర్మానం చేయడం. ఇకనుంచి ఎవరు చనిపోయినా ఖాళీ ఉన్న చోట, వరస ప్రకారమే. రెండోది, సంఘం జమాఖర్చులను ఏడాదికోసారి అచ్చువేసి గుడి గోడకు అంటించడం. కానుకల సంచిలో పది రూపాయలు వేసే కూలీ మనిషికి ఆ లెక్క చదివే హక్కు ఉంది. మూడోది, వారానికి ఒక పూట గుడి ఆవరణలోనే ఊరందరికీ భోజనం. ఏ మతమని అడగకుండా, వడ్డించినవాళ్లు కూడా అదే పంక్తిలో కూర్చుని తినేలా. దీనికి విదేశీ నిధులు అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు. చాలా డయోసిస్‌లకు స్థలాలున్నాయి, హాళ్లున్నాయి, స్కూళ్లలో పెద్ద వంటపాత్రలున్నాయి. స్త్రీల మైత్రికి వందల మందికి వండిన అనుభవం ఉంది. ఇప్పటికీ పిడికెడు బియ్యం పోగుచేసే ఊళ్లు ఉన్నాయి. ఆ బియ్యాన్ని వేలం వేసి సొమ్ము చేసుకునే బదులు ఈ భోజనానికి కేటాయిస్తే చాలు, మొదటి పూటకు కావలసిన అన్నం సమకూరినట్టే.